టీవీ డ్రామాలో వర్గభేదాన్ని చదవడం: కెమెరా, ధ్వని, దుస్తుల ద్వారా ఒక సన్నివేశాన్ని విశ్లేషించే విధానం

టెలివిజన్ డ్రామాలో ఏ పాత్రా తన ఆదాయం ఇంత అని చెప్పుకోదు. అయినా ఒక మనిషి గదిలోకి అడుగుపెట్టిన కొద్ది సెకన్లకే అతడు ఆ ఇంటి యజమానా, అతిథా, పనివాడా అన్నది మనకు తెలిసిపోతుంది. ఇలా తెలిసిపోవడం వెనుక ఛాయాగ్రాహకుడు, శబ్దగ్రాహకుడు, కాస్ట్యూమ్ డిజైనర్, ఎడిటర్ తీసుకున్న నిర్ణయాలు ఎన్నో ఉంటాయి. ఆ నిర్ణయాలను ఒక్కొక్కటిగా విడదీసి చూసి, మళ్లీ కలిపి, ఒక సన్నివేశం సామాజిక వర్గం గురించి ఏమంటున్నదో రాతలో పెట్టడం ఎలాగో ఇక్కడ వరుసగా వివరిస్తున్నాను. మీడియా పాఠం చదువుతున్న విద్యార్థికీ, సీరియళ్లపై సమీక్షలు రాసేవారికీ ఇది పనికి వస్తుంది.

ముందుగా ఒక మాట. వర్గాన్ని చాలామంది వస్తువుల్లో వెతుకుతారు: షాండిలియర్, కారు, చిరిగిన చొక్కా. ఒకప్పుడు నేనూ అదే చేశాను. ఒక సన్నివేశంలోని భోజనాల బల్ల గురించి అర పేజీ రాసి, ఆ బల్లను తుడుస్తూ ఫ్రేమ్ అంచున సగం మాత్రమే కనిపించిన స్త్రీ గురించి ఒక్క వాక్యమైనా రాయలేదని తర్వాత ఎవరో చూపిస్తే గాని నాకు తెలియలేదు. వస్తువు సంపదను చూపగలదు. వర్గం మాత్రం ఇద్దరు మనుషుల మధ్యనున్న తేడాలోనే బయటపడుతుంది. ఎవరి కోసం ఎవరు ఆగుతున్నారు, కెమెరా ఎవరి కోసం ఆగుతున్నది అన్న ప్రశ్నను చేతిలో పెట్టుకుంటే ఈ పనిలో సగం దారి నడిచినట్లే.

మొదటి అడుగు: సన్నివేశాన్ని ఎంచుకోవడం, నాలుగు సార్లు చూడడం

మొత్తం ఎపిసోడ్‌ను ఒకేసారి విశ్లేషించబోతే చివరికి చేతిలో మిగిలేది కథాసంగ్రహమే. మూడు నుంచి ఐదు నిమిషాల నిడివి గల ఒకే సన్నివేశాన్ని తీసుకోండి. అందులో వేర్వేరు వర్గాలకు చెందిన ఇద్దరైనా ఒకే చోట ఉండాలి. ఘర్షణ పడే సన్నివేశం కంటే మర్యాదగా మాట్లాడుకునే సన్నివేశం మంచిది, ఎందుకంటే కేకలు వేసుకునేటప్పుడు వర్గభేదాన్ని సంభాషణే చెప్పేస్తుంది. మర్యాద నడుస్తున్నప్పుడు ఆ భారమంతా చిత్రం మీద, ధ్వని మీద పడుతుంది.

ఎంచుకున్న సన్నివేశాన్ని మొదటిసారి కాగితం, కలం లేకుండా మామూలు ప్రేక్షకుడిలా చూడండి. మీకు ఎవరి మీద జాలి కలిగింది, ఎవరి మీద చిరాకు కలిగింది అన్నది చివర రెండు ముక్కల్లో రాసిపెట్టుకోండి. ఆ తొలి స్పందన తర్వాత మళ్లీ దొరకదు. రెండోసారి శబ్దం పూర్తిగా తీసేసి చూడండి. మూడోసారి తెరను కప్పేసి వినండి. నాలుగోసారి ప్రతి షాట్ దగ్గరా ఆపుతూ దుస్తులు, జుట్టు, చేతులు, చెప్పులు మాత్రమే గమనించండి. గమనించిన ప్రతిదాని పక్కనా నిమిషం, సెకను వేసుకోవాలి. సమయం వేయని గమనిక రెండు రోజుల తర్వాత జ్ఞాపకమో ఊహో మీకే తెలియదు.

వివరించడానికి వీలుగా ఒక ఊహా సన్నివేశాన్ని పెట్టుకుందాం. ఒక పెద్ద ఇంట్లో యజమానురాలు సోఫాలో కూర్చుని ఉత్తరాలు చూసుకుంటూ ఉంటుంది. ఏళ్ల తరబడి ఆ ఇంట్లో పని చేస్తున్న మధ్యవయస్కురాలు ట్రేతో లోపలికి వస్తుంది. కూతురికి జబ్బుగా ఉన్నదనీ, రెండు రోజులు సెలవు కావాలనీ అడుగుతుంది. యజమానురాలు వెంటనే ఒప్పుకుంటుంది, కూతురి పేరు కూడా అడుగుతుంది. కాగితం మీద చదివితే ఇది దయగల సన్నివేశం. తెర మీద అది దయగానే మిగులుతుందా, మరొకటి అవుతుందా అన్నది తీసే విధానాన్ని బట్టి ఉంటుంది.

రెండో అడుగు: వర్గం అంటే ఇక్కడ ఏమిటో తేల్చుకోవడం

ఫ్రెంచ్ సామాజిక శాస్త్రవేత్త పియర్ బోర్డియూ పెట్టుబడిని డబ్బుకే పరిమితం చేయలేదు. చదువు, అభిరుచి, మాటతీరు వంటివి సాంస్కృతిక పెట్టుబడి అనీ, పరిచయాలు, కుటుంబ సంబంధాలు సామాజిక పెట్టుబడి అనీ ఆయన విడదీశాడు. డ్రామా చూసేవారికి ఈ విభజన ఎంతో ఉపయోగకరం, ఎందుకంటే మంచి రచయితలు ఈ మూడింటినీ ఒకే పాత్రకు సమంగా పంచరు. డబ్బు పోయినా మాటతీరు పోని జమీందారు, డబ్బు వచ్చినా ఏ గ్లాసు దేనికో తెలియని వ్యాపారి, చదువుండీ జీతం లేని ఉపాధ్యాయుడు: డ్రామా వీళ్ల చుట్టూనే తిరుగుతుంది. సన్నివేశంలోని ఒక్కో పాత్రకూ ఈ మూడింటిలో ఏది ఎక్కువ, ఏది తక్కువ అన్నది ఒక వరుసలో రాసుకోండి. ఆ వరుస పక్కనే అది మీకు సంభాషణ వల్ల తెలిసిందా, చూడడం వల్ల తెలిసిందా, వినడం వల్ల తెలిసిందా అన్నదీ రాయండి. సంభాషణ వల్ల తెలిసినదాన్ని పక్కన పెట్టేయవచ్చు. మన పని మిగతా రెండింటితోనే.

మూడో అడుగు: కెమెరా

పాఠ్యపుస్తకాల్లో ఒక సూత్రం కనిపిస్తుంది: లో యాంగిల్ (కింది నుంచి పైకి చూపడం) అంటే అధికారం, హై యాంగిల్ (పై నుంచి కిందికి చూపడం) అంటే బలహీనత. ఈ సూత్రాన్ని మరచిపోవడం మంచిదని నా అభిప్రాయం. వాస్తవిక ధోరణిలో సాగే డ్రామాలో అంత కొట్టొచ్చే కోణాలు అరుదు. యాంగిల్ కంటే కెమెరా ఎత్తును కొలవండి. లెన్స్ ఎవరి కళ్ల ఎత్తున ఉంది? మన ఊహా సన్నివేశంలో యజమానురాలు కూర్చుని ఉంది, పనిమనిషి నిలబడి ఉంది. కెమెరాను కూర్చున్న మనిషి కళ్ల ఎత్తుకు దించి వైడ్‌గా కాక కాస్త దగ్గరగా పెడితే, నిలబడిన మనిషి తల ఫ్రేమ్ పై అంచుకు తెగిపోతుంది. ట్రే, రెండు చేతులు, ఏప్రన్ మాత్రమే కనిపిస్తాయి. ఎవరూ ఒక్క పరుషమైన మాట అనలేదు, అయినా ఒక మనిషి రెండు చేతులుగా మారిపోయింది. అదే కెమెరాను నిలబడిన మనిషి కళ్ల ఎత్తుకు లేపితే సోఫాలో కూర్చున్నామె చిన్నదైపోయి, మనం పనిమనిషి వైపు నుంచి ఆ గదిని చూడడం మొదలుపెడతాం.

తర్వాత క్లోజప్‌లను లెక్కపెట్టండి. ఇది విసుగు పని, కానీ దీనికి మించిన సాక్ష్యం లేదు. ఒక్కో పాత్రకు ఎన్ని క్లోజప్‌లు వచ్చాయి, మొత్తం ఎన్ని సెకన్లు, అవి మాట్లాడుతున్నప్పుడు వచ్చాయా, వింటున్నప్పుడు వచ్చాయా? వింటున్నప్పటి క్లోజప్‌కు విలువ ఎక్కువ, ఎందుకంటే ఆ షాట్ ఆ పాత్రకు లోపల ఒక మనసు ఉన్నదని ఒప్పుకుంటున్నది. మాట్లాడినంతసేపే ముఖం చూపించి, మాట అయిపోగానే ఎదుటివారి స్పందనకు కట్ అయ్యే పాత్ర కథకు సమాచారం అందించే మనిషిగానే మిగిలిపోతుంది. చాలా సీరియళ్లలో పనివారి స్థానం ఇదే: కాఫీ, కబురు తెచ్చి వెళ్లిపోవడం.

ఫోకస్‌ను కూడా ఇలాగే పరీక్షించాలి. పొడవాటి లెన్స్‌తో (దూరాన ఉన్నదాన్ని దగ్గరగా చూపే టెలిఫోటో లెన్స్‌తో) తీసినప్పుడు స్పష్టంగా కనిపించే లోతు తగ్గుతుంది, కనుక ముందున్న మనిషి స్పష్టంగానూ వెనకున్న మనిషి మసకగానూ ఉంటారు. ఆ మసక మనిషి మాట్లాడడం మొదలుపెట్టాక ఫోకస్ ఎంతసేపటికి అటు జరుగుతున్నదో గమనించండి. వెంటనే జరిగితే ఒక అర్థం. యజమానురాలు తలెత్తి చూసేదాకా ఆగి, ఆ తర్వాత జరిగితే, కెమెరా యజమానురాలి అనుమతి కోసం ఎదురుచూసిందని అర్థం. అసలు జరగకుండానే మాట ముగిసిపోతే మీ విశ్లేషణకు కేంద్రబిందువు దొరికినట్లే.

గదిని ఎలా చూపుతారన్నది మరో పెద్ద విషయం. వైడ్ లెన్స్ దూరాలను సాగదీసి చూపుతుంది, తలుపు నుంచి సోఫా దాకా నడిచే పది అడుగులను ఇరవైగా అనిపింపజేస్తుంది. పొడవాటి లెన్స్ వెనకనున్న వస్తువులను ముందుకు లాగి, బట్టలు ఆరేసిన తాడు, గిన్నెలు, మంచం, మనుషులు అన్నీ ఒకదాని మీద ఒకటి పడినట్లు చూపుతుంది. ఇందులో ఒక సాంకేతిక కిటుకు ఉంది. స్టూడియోలో వేసిన సెట్‌కు గోడను తీసివేసే వీలుంటుంది కాబట్టి కెమెరా నిజమైన గదిలో సాధ్యం కానంత దూరం వెనక్కి వెళ్లగలదు, అప్పుడు పేదింటి గది కూడా విశాలంగా, ముచ్చటగా కనిపిస్తుంది. నిజమైన ఇరుకు గదిలో తీస్తే వెనక్కి జరగడానికి చోటుండదు. భుజాలు, మోచేతులు ఫ్రేమ్ అంచులకు తెగిపోతూనే ఉంటాయి. ఇరుకును చూపడమా, ఇరుకులో ఉండి చూపడమా అన్న తేడా ఇక్కడే పుడుతుంది.

2010లో మొదలైన బ్రిటిష్ సీరియల్ ‘డౌన్‌టన్ ఆబీ’ ఇందుకు ఆసక్తికరమైన ఉదాహరణ. పైఅంతస్తుల్లో ప్రభు కుటుంబం నివసించే గదుల కోసం హైక్లియర్ కోట అనే నిజమైన భవనాన్ని వాడుకున్నారు. సేవకుల వంటగది, వాళ్ల గదులు మాత్రం ఈలింగ్ స్టూడియోలో వేసిన సెట్లు. అంటే పైవారు, కిందివారు ఒకే ఇంట్లో ఉన్నారని మనం నమ్మేది ఎడిటింగ్ వల్లనే. ఒక సేవకుడు ట్రే పట్టుకుని మెట్లెక్కి తలుపు తోసుకుని అవతల తేలినప్పుడు, ఆ తలుపు దగ్గరి కట్ రెండు వేర్వేరు చోట్లనే కాదు, రెండు వర్గాలను కూడా కుడుతున్నది. మీరు ఎంచుకున్న సీరియల్‌లోనూ ఇటువంటి గడపలను వెతకండి: లిఫ్ట్, వెనక మెట్లు, వంటింటి తలుపు, ఆఫీసు గాజు గోడ. ఎవరు తలుపు తట్టి వస్తారు, ఎవరు తట్టకుండా వస్తారు, ఎవరితోపాటు కెమెరా లోపలికి వస్తుంది?

కదలిక విషయంలోనూ స్థిరమైన అర్థాలు లేవని గుర్తుంచుకోవాలి. 1966 నవంబరులో బీబీసీ ప్రసారం చేసిన ‘కాథీ కమ్ హోమ్’ను కెన్ లోచ్ దర్శకత్వంలో ఎక్కువ భాగం వీధుల్లో, నిజమైన ఇళ్లలో, 16 ఎంఎం ఫిల్మ్ మీద, చేతపట్టిన కెమెరాతో తీశారు. ఇల్లు కోల్పోయిన కుటుంబం కథ అది. ఇటువంటి డ్రామాల వల్ల ఊగే కెమెరా అంటే వాస్తవికత, పేదల జీవితం అన్న అలవాటు ప్రేక్షకులలో బలపడింది. 2018 నుంచి 2023 వరకు వచ్చిన అమెరికన్ సీరియల్ ‘సక్సెషన్’ అదే చేతపట్టిన కెమెరాను, ఉన్నట్టుండి దగ్గరకు లాగే జూమ్‌లను, 35 ఎంఎం ఫిల్మ్ మీద, అపర కుబేరుల కుటుంబానికి వాడింది. అక్కడ ఆ ఊగడం వాస్తవికత కోసం కంటే నిఘా కోసమన్నట్లు ఉంటుంది. విమానాలు, భవంతులు తెర నిండా ఉన్నా కెమెరా వాటి ముందు ఆగి ముచ్చటపడదు. ఎవరి ముఖం ఎప్పుడు తడబడుతుందా అని మాటువేసినట్లు తిరుగుతుంది. కనుక ‘హ్యాండ్‌హెల్డ్ కాబట్టి కిందివర్గం’ అని రాయకండి. ఆ టెక్నిక్ ఆ సీరియల్‌లో మిగతా చోట్ల ఎలా వాడబడిందో చూసి, ఈ సన్నివేశంలో అది అలవాటుగా వచ్చిందా, అలవాటు తప్పి వచ్చిందా అన్నది తేల్చండి.

వెలుగు గురించి క్లుప్తంగా చెబుతాను. నెత్తిమీద వేలాడే ఒకే బల్బు ముఖం మీద కళ్ల కింద నీడలు వేస్తుంది. గదిలో అక్కడక్కడా వెలిగే దీపాలు ముఖాన్ని మెత్తగా చుట్టుకుంటాయి. మొదటిది లేమికీ రెండోది కలిమికీ ఎంతగా ముద్రపడిపోయాయంటే వాటి గురించి కొత్తగా చెప్పడానికి పెద్దగా ఏమీ ఉండదు, ఆ ముద్రను తిరగేసిన చోట తప్ప.

నాలుగో అడుగు: ధ్వని

తెర కప్పేసి విన్నప్పుడు ముందుగా మాటల్ని వదిలేసి గదిని వినండి. పెద్ద గదిలో, రాతి గచ్చు మీద, మాట చివర కొద్దిగా ప్రతిధ్వని తగులుతుంది. తివాచీలు, మందపాటి తెరలు ఉన్న గది శబ్దాన్ని పీల్చుకుంటుంది. పల్చటి గోడల ఇంట్లో పక్కింటి టీవీ, పసిపిల్ల ఏడుపు, నీళ్ల పైపు, వీధిలో వాహనాలు ఏవీ ఆగవు. టీవీ డ్రామాలో సంపదకు అన్నిటికంటే నమ్మదగిన గుర్తు నిశ్శబ్దమేనని నేను అనుకుంటాను. బయటి ప్రపంచం లోపలికి వినపడకుండా చేసుకోగలగడం ఒక కలిమి. ఇల్లు మారిన ప్రతిసారీ కట్ దగ్గర ఈ వెనకటి సందడి పెరిగిందా తగ్గిందా అన్నది ఒక గీతలా గీసుకోవచ్చు.

ఈ శబ్దాలు యాదృచ్ఛికంగా పడినవి కావని మరువకూడదు. షూటింగ్‌లో సంభాషణ స్పష్టంగా రావడం కోసం మిగతా అలికిడిని వీలైనంత అణచివేస్తారు. అడుగుల చప్పుడు, కప్పు సాసర్ తగలడం, గుడ్డ రాపిడి వంటివాటిలో ఎక్కువ భాగం తర్వాత ఫోలీ కళాకారులు స్టూడియోలో బొమ్మ చూస్తూ చేసి జతపరుస్తారు. అంటే మన పనిమనిషి అడుగులు వినిపించాయంటే ఎవరో వినిపించాలని నిర్ణయించారని అర్థం. ఆమె లోపలికి వచ్చినా అడుగు వినిపించలేదంటే అదీ నిర్ణయమే కావచ్చు. చప్పుడు లేకుండా తిరగడం సేవకుల నైపుణ్యంగా భావించిన ఇళ్ల కథల్లో ఈ వినిపించని అడుగు చాలా చెబుతుంది. ట్రే బల్ల మీద పెట్టినప్పుడు చిన్న టంగుమన్న చప్పుడు రావడం, దానికి ఆమె ఉలిక్కిపడడం, సంభాషణ ఒక క్షణం ఆగడం: ఈ మూడూ కలిస్తే ఒక పేజీ సంభాషణకు సమానం.

తర్వాత మాటలు. మాటల అర్థాన్ని కాక మాటల హక్కును వినండి. ఎవరి వాక్యం మధ్యలో తెగింది? ఎవరు తమ వాక్యాన్ని పూర్తి చేయకుండానే ఎదుటివారు అర్థం చేసుకోవాలని ఆశిస్తున్నారు? మౌనం వచ్చినప్పుడు దాన్ని భరించగలిగింది ఎవరు, నింపడానికి తొందరపడింది ఎవరు? అడిగేవారి మాటల్లో సంజాయిషీలు ఎక్కువ ఉంటాయి. ఇచ్చేవారి మాటలు పొట్టిగా ఉంటాయి. ‘అలాగే, వెళ్లిరా’ అన్న రెండు ముక్కలకు ముందు ఆ పనిమనిషి ఎన్ని కారణాలు చెప్పుకోవాల్సి వచ్చిందో లెక్కపెడితే చాలు. ఒకరు మరొకరిని ఏమని పిలుస్తున్నారు, ఎవరు పేరు పెట్టి పిలవగలరు, ఎవరు పిలవలేరు అన్నదీ ఇక్కడే నమోదు చేయాలి.

యాస మీద ప్రత్యేకంగా ఆగాలి. 1960 డిసెంబరు 9న బ్రిటన్‌లో ‘కొరోనేషన్ స్ట్రీట్’ మొదలయ్యేనాటికి అక్కడి టీవీలో ప్రామాణిక దక్షిణాది ఉచ్చారణదే పైచేయి. ఉత్తర ఇంగ్లండ్ కార్మికుల వీధిలోని యాసను హాస్యానికి కాక కథ నడపడానికి వాడడం ఆ సీరియల్‌కు ప్రత్యేకతను తెచ్చింది. యాస మనిషిని బట్టి స్థిరంగా ఉండదన్నది కూడా గుర్తుంచుకోండి. 1962లో భాషాశాస్త్రవేత్త విలియం లబోవ్ న్యూయార్క్‌లో మూడు స్థాయిల డిపార్ట్‌మెంట్ స్టోర్లకు వెళ్లి, ‘నాలుగో అంతస్తు’ (ఇంగ్లీషులో ‘ఫోర్త్ ఫ్లోర్’) అనే జవాబు వచ్చే ప్రశ్న అడిగి, ఉద్యోగులు ‘ర’కారాన్ని పలుకుతున్నారా మింగేస్తున్నారా అని గమనించాడు. దుకాణం స్థాయి పెరిగేకొద్దీ ‘ర’కారం వినిపించడం పెరిగింది, వినపడనట్లు మరోసారి అడిగితే జాగ్రత్తగా పలకడమూ పెరిగింది. మంచి నటులు సరిగ్గా ఈ సర్దుబాటునే పట్టుకుంటారు. పెద్దింటి గదిలో ఒకలా, వంటింట్లో తోటివారితో మరొకలా మాట్లాడే పాత్ర కనిపిస్తే, రెండు చోట్ల నుంచీ ఒక్కో వాక్యం రాసుకుని పక్కపక్కన పెట్టండి. ఇంకొక హెచ్చరిక: డబ్బింగ్ చేసిన రూపంలో ఈ పొర దాదాపు మాయమవుతుంది. అందరూ ఒకే స్టూడియోలో ఒకే శుద్ధమైన భాష మాట్లాడేస్తారు. యాస గురించి రాయదలచుకుంటే మూలభాషలోని ధ్వనినే వినాలి.

ఇక నేపథ్య సంగీతం. దాని గురించి అడగవలసింది ఒక్కటే: అది ఎవరి మనసులోంచి వస్తున్నది? పనిమనిషి కూతురి జబ్బు గురించి చెప్పేటప్పుడు విషాద సంగీతం మొదలైతే మన జాలిని ఆమె వైపు తోశారు. యజమానురాలు సెలవిచ్చిన తర్వాత మెత్తని సంగీతం మొదలైతే సన్నివేశం ఆమె మంచితనం గురించినదైపోయింది, కూతురి జబ్బు దానికి సందర్భం మాత్రమే. 2002–2008 మధ్య వచ్చి, నగరంలోని పేదల వీధులను చూపిన ‘ది వైర్’ వంటి అమెరికన్ సీరియల్ కారు రేడియోలోనో వీధిలోనో మోగే సంగీతానికే ఎక్కువగా పరిమితమై, బయటి నుంచి సంగీతం పోయడం చాలావరకు మానుకుంది. పేదరికం మీద ఎలా స్పందించాలో చెప్పే సంగీతం లేనప్పుడు ఆ బాధ్యత ప్రేక్షకుడిదే అవుతుంది.

ఐదో అడుగు: దుస్తులు

దుస్తుల ఖరీదు ఊహించడం మానేసి ఒంటికి ఎలా కుదిరాయో చూడండి. భుజం కుట్టు భుజం అంచునే ఉందా, కిందికి జారిందా? మోచేయి వంచినప్పుడు చేతి పొడవు సరిపోయిందా? ఇతరుల కోసం కుట్టిన బట్ట, పెరిగే వయసుకని కొన్న బట్ట, యూనిఫాంగా ఇచ్చిన బట్ట, సొంతానికి కొలత ఇచ్చి కుట్టించుకున్న బట్ట వేర్వేరుగా వేలాడతాయి. ఆ తర్వాత బట్ట ఎంత వాడినట్లున్నదో చూడండి. కొత్త చొక్కాను పాతదిగా చేయడం కాస్ట్యూమ్ విభాగంలో ఒక ప్రత్యేకమైన పని: పదేపదే ఉతుకుతారు, కాలర్, మోచేయి, జేబు అంచులను ఉప్పుకాగితంతో రుద్దుతారు, రంగులతో మురికి పట్టిస్తారు. ఆ అరుగుదల ఎక్కడుందో చూస్తే ఆ మనిషి ఏ పని చేస్తాడో తెలియాలి. శరీరమంతా సమంగా మురికి పట్టిన బట్ట కనిపిస్తే అది పేదరికం వేషమే గాని పేదవాడి బట్ట కాదు.

తరతరాల సంపదకూ కొత్త సంపదకూ తేడా చూపడానికి డ్రామాలు తరచూ వాడే పద్ధతి ఆసక్తికరం. పాత సంపన్నుడి కోటు బాగా అరిగి ఉంటుంది, ఎందుకంటే అతడు ఎవరికీ ఏదీ రుజువు చేయనక్కర్లేదు. కొత్తగా డబ్బు వచ్చినవాడి బట్టలో మడత కూడా చెరగదు. కనుక కొత్తదనమే కలిమికి గుర్తని అనుకుంటే ఇక్కడ బోల్తాపడతాం.

ఒక బట్ట వేసుకోవడానికి ఎన్ని చేతులు కావాలన్నది నాకు ఇష్టమైన ప్రశ్న. గత కాలపు కథల్లో వీపు వెంబడి వరుస గుండీలున్న గౌను వేసుకున్న స్త్రీ మరొకరి సాయం లేకుండా దాన్ని తొడుక్కోలేదు. ఆ గౌను తెర మీద కనిపించిన ప్రతిసారీ, కనిపించని ఒక పనిమనిషి దానిలో ఉన్నట్లే. ముందువైపు గుండీలున్న పనిబట్ట మాత్రం వేకువనే ఒంటరిగా లేచి తొడుక్కోవడానికి తగినది. ఆంగ్ల సంపన్న గృహాల్లో ఇంటిపని చేసే స్త్రీలు ఉదయం అచ్చు గుడ్డ దుస్తులు, మధ్యాహ్నం నల్ల దుస్తులు ధరించేవారు. ఉదయపు మురికి పని, మధ్యాహ్నం అతిథుల ముందు కనిపించే పని అన్న విభజన దీనికి కారణం. అటువంటి కథను విశ్లేషిస్తూ ఉంటే దుస్తులను బట్టి పొద్దు ఎంతయిందో కూడా చెప్పవచ్చు.

ఒక్క సన్నివేశం సరిపోని విషయం ఇంకొకటుంది. అదే బట్ట ఎన్ని ఎపిసోడ్లలో తిరిగి వచ్చింది? నిజజీవితంలో ఎవరైనా బట్టలు తిరిగి వేసుకుంటారు. తెర మీద మాత్రం ధనిక పాత్ర ప్రతి సన్నివేశానికీ మారుస్తూ ఉంటే, అదే శాలువా, అదే చేతిసంచి నెలల తరబడి మోసే పాత్ర పేదదని మనం గ్రహిస్తాం. ఎంచుకున్న సన్నివేశానికి ముందూ వెనకా రెండు ఎపిసోడ్లు ఈ ఒక్క దృష్టితో వేగంగా తిప్పి చూడండి. చేతులు, గోళ్లు, జుట్టు, మడమలు చివరగా. కథలో పగలంతా గిన్నెలు తోమే మనిషి గోళ్లు నిగనిగలాడుతూ ఉంటే అది మేకప్ విభాగం పొరపాటా, లేక పేదవాళ్లను కూడా అందంగానే చూపాలన్న చానల్ నియమమా అన్నది ఆలోచించవలసిన విషయం.

ఆరో అడుగు: అనుమానించడం

ఇప్పటికి మీ దగ్గర చాలా గమనికలు పోగై ఉంటాయి. వాటిలో కొన్నిటికి అర్థమే లేదు. అచ్చమైన తెలుపు రంగు బట్ట కెమెరాకు మరీ ప్రకాశంగా పడుతుంది కాబట్టి కాస్ట్యూమ్ విభాగం వారు దాన్ని టీ డికాక్షన్‌లోనో పల్చటి బూడిద రంగులోనో ముంచి కాస్త మసక చేస్తారు. దాన్ని చూసి మాసిన చొక్కా అని రాస్తే నవ్వులపాలవుతాం. సన్నని దగ్గరి చారల బట్ట వీడియోలో అలల్లా మెరుస్తుంది కాబట్టి మానేస్తారు. బ్రాండ్ గుర్తులు లేకపోవడం అభిరుచి వల్ల కావచ్చు, అనుమతుల గొడవ వల్లా కావచ్చు. అనేక కెమెరాలతో ఒకేసారి తీసే స్టూడియో సీరియల్‌లో వెలుగు అన్ని కోణాలకూ పనికివచ్చేలా సమంగా పరుచుకుని ఉంటుంది. దానికి వర్గపరమైన అర్థం అంటగట్టకూడదు.

నిజమైన అర్థాన్ని వేరుచేయడానికి మార్పిడి పరీక్ష ఒక్కటి చాలు. భాషాశాస్త్రం నుంచి సంకేతశాస్త్రానికి (గుర్తులు అర్థాన్ని ఎలా ఇస్తాయో చదివే శాస్త్రానికి) వచ్చిన పద్ధతి ఇది. రెండు పాత్రలకూ ఆ అంశాన్ని తారుమారు చేసి ఊహించండి. పనిమనిషి కూర్చుని యజమానురాలు నిలబడితే? ఫోకస్ ముందుగా పనిమనిషి మీద ఉంటే? ఆమె మౌనంగా ఉండి, యజమానురాలు కారణాలు చెప్పుకుంటూ పోతే? తారుమారు చేసినా సన్నివేశం అర్థం మారకపోతే ఆ గమనికను కొట్టేయండి. మారితే దాన్ని ఉంచుకోండి. ఇరవై గమనికల్లో ఐదో ఆరో మిగులుతాయి, అవి చాలు.

మిగిలినవాటిలో కెమెరా, ధ్వని, దుస్తులు ఎక్కడ ఒకే మాట చెబుతున్నాయో, ఎక్కడ ఒకదాన్ని మరొకటి ఖండిస్తున్నాయో చూడాలి. మూడూ ఒకే మాట చెబితే అది తరచూ మూసచిత్రణ: ధనికుడు తప్పకుండా గర్విష్ఠి, పేదవాడు తప్పకుండా మంచివాడో తాగుబోతో. ఖండన ఉన్న చోట మాత్రం ఎంత రాసినా తరగదు.

ఏడో అడుగు: రాయడం

ఒక్కో పేరాకు ఒక వాదన తీసుకుని, దానికి రెండు మూడు సాంకేతిక అంశాలను కలిపి రాయండి. ‘కెమెరా’, ‘ధ్వని’, ‘దుస్తులు’ అని మూడు విడి పేరాలు రాయడం సులువే, కానీ ప్రేక్షకుడు వాటిని విడివిడిగా అనుభవించడు కదా. ప్రతి వాక్యంలో ఏం చేశారు, దానివల్ల మనకేం అనిపిస్తుంది, అది వర్గం గురించి ఏమంటున్నది అనే మూడూ ఉండేలా చూసుకోవాలి. మూడోది జారిపోవడమే ఎక్కువగా జరిగే లోపం. మన ఊహా సన్నివేశం మీద ఒక పేరా ఇలా ఉండవచ్చు:

‘సంభాషణలో యజమానురాలు ఉదారంగా ఉన్నా, ఆ ఔదార్యం ఎంత దూరం నుంచి వస్తున్నదో చిత్రీకరణ కొలిచి చూపుతుంది. సన్నివేశంలో తొలి నలభై సెకన్లు కెమెరా సోఫా ఎత్తున ఉండడంతో పనిమనిషి ముఖం లేని ట్రేగానే లోపలికి వస్తుంది. గట్టి అంచుల యూనిఫాం ఆమెను ఆ ఇంటి సామాను రంగుల్లో కలిపేస్తుంది. ఆమె కూతురి పేరు చెప్పే క్షణంలోనే ఫోకస్ మొదటిసారి ఆమె ముఖానికి జరుగుతుంది, కానీ అదే క్షణంలో ధ్వనిలో ఉత్తరం చింపిన చప్పుడు ఆ పేరు మీద పడుతుంది. యజమానురాలు పేరు అడిగింది గాని వినలేదు. ఇలా సీరియల్ ఇక్కడ క్రూరత్వాన్ని కాక, క్రూరత్వం అవసరమే లేనంత భద్రమైన ఒక స్థానాన్ని చిత్రిస్తున్నది.’

పేరా రాసిన తర్వాత మొదటిసారి చూసినప్పుడు రాసిపెట్టుకున్న ఆ రెండు ముక్కలను తీసి చూడండి. అప్పుడు మీకు యజమానురాలి మీద ఇష్టం కలిగి, ఇప్పుడు విశ్లేషణ ఆమెను తప్పుపడుతూ ఉంటే, ఆ రెండింటి మధ్య ఏం జరిగిందో కూడా ఒక వాక్యంలో రాయాలి, ఎందుకంటే ఆ ఇష్టాన్ని పుట్టించిందీ అదే కెమెరా. చివరిగా, మీరు వాదనకు ఆధారం చేసుకున్న ప్రతి షాట్‌నూ సమయం వేసుకున్న చోటికి వెళ్లి మరోసారి చూడండి. ఉత్తరం చింపిన చప్పుడు నిజంగా పేరు మీదే పడిందా, అర సెకను తర్వాతనా? తర్వాతనైతే పేరా మార్చాలి.